నాలుగు వేల తాటిచెట్లు

నేను కొంచెం పెంచి చెప్తాను. రేపెవరో వచ్చి నిలదీసే ముందే ఒప్పేసుకుంటే మర్యాదగా ఉంటుంది. కూరలో ఉప్పు తగ్గితే సముద్రమే ఎండిపోయిందంటానని మా ఆవిడ ఫిర్యాదు. మా వీధిలో ఒంటికన్ను కుక్క ఒకటుండేది. నా ఆదివారం వ్యాసంలోకి నడిచొచ్చేసరికి అది చిరుతపులి అయింది, ఆ వారమంతా పాలాయన మా వీధికి రాలేదు. సిద్దిపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాతికేళ్ళుగా కామర్స్ చెబుతూ, వారానికొకసారి జనాన్ని నవ్వించే మనిషిని. ఇంతకంటే పెద్ద నేరం చేసే తీరిక నాకు లేదనే అనుకునేవాణ్ణి.

కాబట్టి కింద రాసేదాన్ని కాస్త పిండి, నీళ్ళు తీసేసి చదువుకోండి. అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో నేను పూర్తిగా పుట్టించిన ముక్క ఒక్కటే ఉంది. అదేదో నేనే చెప్తాను.

మొన్నటి ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున, నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఇంటికొచ్చింది. కోహెడ పక్క ఊరు వాళ్ళది. తండ్రి తాళ్ళు, అదే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీస్తాడు. ఈ పిల్ల ఎంకాం చేసి, సిద్దిపేటలోనే ఒక బళ్ళో చెబుతోంది. కాలేజీలో ఉన్నప్పుడు నేను జోకు వేస్తే, అందరి నవ్వూ అయ్యాక లేచి "సార్, గా లెక్క తప్పు" అనే రకం. అలాంటి విద్యార్థి పాతికేళ్ళకొక్కరు వచ్చినా చాలు, మాస్టారికి రక్తపోటు మందులు జీవితాంతం నడుస్తాయి.

"పీహెచ్‌డీ సీటు పడ్డది సార్ హైదరాబాదుల. ఒక్కటే సీటు. నన్ను ఇంటర్వ్యూకు పిలిచిన్రు," అంది కుర్చీ అంచున కూర్చుని.

"దేంట్లో?"

"సస్టెయినబుల్ ఫైనాన్స్. కంపెనీల క్లైమేట్ రిపోర్టులు."

నేను కళ్ళు తేలేశాను. పిల్ల నవ్వి, నన్ను ఫస్టియర్ కుర్రాణ్ణి చేసి చెప్పింది. "ఇప్పుడు కంపెనీ పోయి 'మేం భూమికి మేలు చేస్తం' అన్నదనుకోండ్రి, బ్యాంకులు తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నయి. చేసినమని కంపెనీ ఏటా ఒక రిపోర్టు రాస్తది. ఎంత పొగ ఇడిసినం, ఎన్ని చెట్లను బతికిచ్చినం అని. గా రిపోర్టుల ఉన్నది నేల మీద ఉన్నదా లేదా, అది చూసుడే పరిశోధన."

"అంటే సీఐడీ పని."

"కామర్సే సార్. మీరే చెప్పిన్రు గదా, వోచర్ లేనిది ఎంట్రీ లేదని."

నేను చెప్పినవాటిలో ఎవరికైనా గుర్తున్న మాట అదొక్కటే కాబోలు. ఇంతకుముందు రెండుసార్లు రెండు చోట్ల ప్రయత్నించిందట, రాలేదట. ఫెలోషిప్పుకు వయసు గడువు ఈ ఏడుతో సరి. "ఇది పోతే ఇగ అయిపోయినట్టే సార్. బడిల పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంట ముసలిదాన్నయిత," అంది. నవ్వుతూనే అంది గానీ చేతిలోని ఫైలును బిందెను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఇంటర్వ్యూలో ఆమె చూపించబోయే నమూనా ఒక కంపెనీ నివేదిక. ల్యాప్‌టాప్ తెరిచి నా ముందుకు జరిపింది. నిగనిగలాడే పేజీ. తాటివనం మీద సూర్యోదయం. కింద వాలు అక్షరాల్లో ఇంగ్లీషు: సిద్దిపేట సమీపంలో నాలుగు వేల తాటిచెట్లు ఆకాశానికి నిచ్చెనలు వేసి నిలబడ్డాయి, వాటిని మా సంస్థ కంటికి రెప్పలా కాపాడుతోంది, వగైరా.

ల్యాప్‌టాప్‌ను కొంచెం వెనక్కి జరిపాను. ఆకాశానికి నిచ్చెనలు వేసే అలవాటు ఈ జిల్లాలో ఒక్కడికే ఉంది.

"గది మా బాపు గీసే వనం సార్," అంది పిల్ల. "నేను, బాపు తిరిగి లెక్క పెట్టినం. ఒక్కొక్క చెట్టుకు సున్నంబొట్టు పెట్టుకుంట. నాలుగు వందలకు రెండు తక్కువ. నాలుగు వేలు ఎక్కడికెల్లి వచ్చినయి? రాసినాయన పేరు లేదు."

నేను గొంతు సవరించుకుని, అసలు గణాంకమనేది చాలా లోతైన విషయమమ్మా అని మొదలుపెట్టబోయాను. వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది.

"గది మీ సారే రాసిండు బిడ్డా! పుస్తకం బీరువల ఉన్నది. వచ్చినోళ్ళందరికి చూపిచ్చి సంపిండు అప్పట్ల."

పిల్ల నా వైపు చూసిన చూపుకు గోడమీది బల్లి కూడా నడక ఆపేసింది. ఇది పెంచింది కాదు.

జరిగింది ఇది. కొన్నేళ్ళ కిందట ఆ కంపెనీ తరఫున ఒకాయన కాలేజీకి వచ్చాడు. తెల్లచొక్కా, సన్నటి నవ్వు. మా వార్షిక నివేదికలో ఒక పల్లె కథ కావాలండీ, మీలా గుండెతో రాసేవాళ్ళు దొరకరు అన్నాడు. గుండె అనగానే నేను కరిగి కాలువయ్యాను. ఆయన కార్లోనే కోహెడ వైపు వెళ్ళి వనం చూశాను. ఈ పిల్ల తండ్రి అప్పుడే చెట్టు దిగి, నేనెవరో అడక్కుండానే తాటాకు రేకలో పొద్దుటి కల్లు పోశాడు. నాలుగు రేకలయ్యాక నాకు ప్రతి చెట్టూ రెండుగా కనిపించింది, కాబట్టి అప్పటికే ఎనిమిది వందలు.

మా వైపు తాటిచెట్టును ఊరికే గీయడానికి లేదు. ఆబ్కారీ వాళ్ళొచ్చి మొద్దు మీద రంగుతో నంబరు వేయాలి. ఒక చెట్టు మీద చూశాను, నాలుగు వేల పన్నెండు. ఎర్రటి అంకెలు. "అబ్బో, నాలుగు వేలు దాటినయే!" అన్నాను.

పిల్ల తండ్రి పకపకా నవ్వాడు. "లేదు సారూ, గది సర్కిల్ నంబరు. అన్ని ఊర్ల తాళ్ళు కలిపి ఒకటే వరుసల ఏసుకుంట వస్తరు. మా వనం నాలుగు వందలకు మించదు."

విన్నాను. స్పష్టంగా విన్నాను. తిరిగి ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే, నాలుగు వందలు వాక్యంలో ఎందుకో కుంటుతూ నడిచింది. నాలుగు వేలు రాసి చూశాను, గుర్రమెక్కి వెళ్ళింది. ఎవరు లెక్కపెడతారులే, ఇది కథే కదా అనుకున్నాను.

అది కథగా ఒక్క ఏడాదే ఉందట. పిల్ల వరుసగా మూడేళ్ళ నివేదికలు తెరిచి చూపించింది. మొదటి ఏడు నా నాలుగు వేలు వాలు అక్షరాల్లో, సూర్యోదయం కింద. రెండో ఏడు ముఖ్యాంశాల డబ్బాలో, నిటారుగా. మూడో ఏడు పట్టికలోకి వెళ్ళి కూర్చుంది. పక్కన ఒక్కో చెట్టు ఎంత పొగ మింగుతుందో వేసి, గుణించి, ఆ మొత్తాన్ని కంపెనీ వదిలిన పొగలోంచి తీసేశారు. చివర తనిఖీ సంస్థ ఉత్తరం: మేం చెట్ల దగ్గరకు వెళ్ళలేదు, యాజమాన్యం ఇచ్చిన వివరాల మీద ఆధారపడ్డాం. దాన్ని చూపించి కంపెనీ అప్పు తెచ్చుకుంది.

నా వాక్యం నాకు తెలియకుండా ఉద్యోగం సంపాదించుకుని, పదోన్నతి కూడా పొందింది.

"మంచిదే అయింది సార్," అంది పిల్ల ల్యాప్‌టాప్ మూసి. తిట్టి ఉంటే బాగుండేది. "నంబరు ఎట్ల పుట్టిందో చెప్పేటోళ్ళు లేకనే నా ప్రపోజల్‌ల ఒక కాలు లేదు. చెట్లు తక్కువున్నయంటే, కొన్ని కొట్టేసిన్రేమో అని కంపెనీ అంటది. మీరు ఒక్క కాగితం రాసియ్యుండ్రి. ఇంటర్వ్యూ నాడు మీరే వచ్చి చెప్తే ఇంకా గట్టిగుంటది. వస్తరా?"

"రాకపోతే నా పేరు మార్చుకుంటా," అన్నాను.

"పేరెందుకు సార్. మీరు రాండ్రి, సాలు."

లేవబోతూ నోటిఫికేషన్ నా చేతికిచ్చింది, తేదీ రాసుకోమని. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ఫెలోషిప్పు ఇస్తున్న వారి పేరుంది. అద్దాలు తుడిచి రెండుసార్లు చదివాను. అదే కంపెనీ.

"చూసిన సార్," అంది. "అయినా గిదే నా టాపిక్."

ఆమె తన ప్రపోజల్‌ను యూనివర్సిటీకి పంపి వారం తిరగక ముందే తెల్లచొక్కా ఆయన మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకొక అలవాటు. ఎప్పుడొచ్చినా గోనెసంచీలో ఒక మొక్క తెస్తాడు. మొదటిసారి తెచ్చిన సంపెంగ మా పెరట్లోనే ఉంది.

"ఎలా ఉందండీ మన సంపెంగ?" అన్నాడు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ గురించి అడిగినట్టు. "చిన్న మొక్కలండీ, జాగ్రత్తగా చూసుకోవాలి. ఒక్క పూట నీళ్ళు తప్పినా పోతాయి." కొత్త మొక్కను అరుగు మీద పెట్టాడు. మీ విద్యార్థిని చాలా చురుకైన పిల్లటండీ అన్నాడు. మీ కాలేజీకి కొత్త ల్యాబు మేమే కట్టిస్తున్నాం, మీ యాజమాన్యం చెప్పే ఉంటుంది అన్నాడు. ఒక్క మాట కటువుగా లేదు. కాఫీ తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి వెళ్ళాడు. అంత మంచితనం నేను దయ్యాల కథల్లో కూడా చదవలేదు.

ఆ నెలలో ఆరుసార్లు వచ్చాడు. నా లెక్కలో అరవై. మా పెరడు అడవి అయిపోతోందని మా ఆవిడ మొత్తుకుంది.

"గీ మొక్కలు పెట్టేందుకు జాగెక్కడున్నదయ్యా? నీ నెత్తి మీద పెట్టాల్నా?"

"ఊరికే ఇస్తుండు గదా."

"ఊరికే ఇచ్చేటోడు గన్నిసార్లు తిరిగొచ్చి బతికినయా సచ్చినయా అని అడుగుతడా? నాకైతే భయమైతున్నది."

నాకూ అవుతోంది, కానీ నవ్వించేవాళ్ళకు భయమేస్తే ఎదుటివాళ్ళు దాన్ని కూడా నవ్వుకోవడానికే అనుకుంటారు.

ఇంటర్వ్యూకు వారం ముందు ఆ పిల్ల ఫోన్ చేసింది. "సార్, ఒకసారి వనానికి రాండ్రి. చూడాలె మీరు." కోహెడ బస్సెక్కి వెళ్ళాను. ఎండ నెత్తిన సుత్తి పెట్టి కొడుతోంది. వనం దగ్గర గాలి అంతంతమాత్రం. తాటికమ్మలు గలగలమనాల్సిన చోట ఇంకేదో చప్పుడు, సన్నగా, పళ్ళు కొరుకుతున్నట్టు.

దగ్గరికి వెళ్తే తెలిసింది. ప్రతి మొద్దుకూ నీలం రేకు బిళ్ళలు, మేకులతో కొట్టి ఉన్నాయి. బిళ్ళ మీద కంపెనీ గుర్తు, ఒక అంకె. ఒక్కో చెట్టుకు ఒకటి కాదు. చుట్టూ తిరిగి చూశాను. ఒకదానికి తొమ్మిది, ఒకదానికి పది, ఇంకోదానికి పదకొండు.

"నాలుగు వందల చెట్లకు నాలుగు వేల బిళ్ళలు కొట్టాల్నట," అన్నాడు పిల్ల తండ్రి. చెట్టెక్కే మోకు భుజానేసుకుని, మొద్దుకు ఆనుకుని కూర్చున్నాడు. "ముగ్గురొచ్చిన్రు. ఎందుకయ్యా గిన్ని అంటే, పైకెల్లి ఆర్డర్ అన్నరు. ఎవలో తనిఖీకి వస్తరంట, బిళ్ళలు లెక్కపెట్టుకుంటరంట. చెట్టుకు తాయెత్తులు కట్టినట్టు కట్టిన్రు సారూ."

నాకు నవ్వు రావాలి. ఇలాంటిది నేను రాసి ఉంటే, మరీ అతిగా ఉందని సంపాదకుడు కొట్టేసేవాడు.

ఆయన మోకు ఒళ్ళో పరిచి నా వేలు పట్టుకుని ఒక చోట తాకించాడు. పోగులు లేచి ఉన్నాయి. "ఎక్కుడుకు, దిగుడుకు మేకుల మీదికెల్లి జారుతది గదా. సుత్తెతోటి వంచిన కొన్ని. అన్ని వంచలేను. తీసేస్తే కేసు పెడ్తమన్నరు." తర్వాత, కూతురు వినకుండా గొంతు తగ్గించి, "నా సంగతి ఇడిసిపెట్టు సారూ. మోకు కొత్తది అల్లుకుంట. బిడ్డకు సీటు రావాలె. మీ మాట ఒక్కటి పడితే వస్తదని చెప్పింది. మీరు పోతరు గదా?"

"పోత అన్నా."

"నువ్వు నాలుగు వందలంటే నాలుగు వేలన్న మనిషివి," అన్నాడు, కళ్ళు చిట్లించి. తిట్టాడో, ఎకసెక్కమాడాడో నాకు తెలియలేదు. "గిప్పుడు ఉన్నదున్నట్టు చెప్తవా?"

పైన ఎక్కడో ఒక బిళ్ళ ఇంకో బిళ్ళకు తగిలి టిక్కుమంది.

ఇంటర్వ్యూ రోజు తొలి బస్సుకే బయల్దేరాను. రాజీవ్ రహదారి మీద ములుగు దాటి హైదరాబాదు దాకా ఎండ బస్సును తరిమింది. యూనివర్సిటీలో ఆ గది ముందు పిల్ల ఒక్కతే బెంచీ మీద ఉంది. నన్ను చూడగానే లేచింది. ఫైలును బెంచీ మీద పెట్టేసింది, ఇక దాన్ని పట్టుకోనవసరం లేనట్టు.

లోపల పొడవాటి బల్ల. అటువైపు ఐదుగురు. మధ్యలో తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ. చివరి కుర్చీలో పరిశ్రమ ప్రతినిధిగా మన తెల్లచొక్కా ఆయన, అదే సన్నటి నవ్వు. నేను నిలబడి చెప్పాను. ఆ నాలుగు వేలు నేను రాసింది. చెట్లు కొట్టేయలేదు, అవి ఎన్నడూ లేవు. ఉన్నవి నాలుగు వందలేనని నాకు అప్పుడే చెప్పారు, విని కూడా పెంచాను. ఏసీ చప్పుడు ఆగిపోయింది. తెల్లచొక్కా ఆయన నవ్వు అంగుళం అంగుళం మాసిపోయింది.

"ఎందుకు రాశారు?" అంది ప్రొఫెసరమ్మ.

"పెద్దగా ఉంటే బాగుంటుందని, మేడం."

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, "మీ మొదటి వోచర్ దొరికిందమ్మా," అని, ముందున్న కాగితం మీద ఏదో రాసింది. బయటికొచ్చాక పిల్ల నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే నేను ఆపాను.

నేను పుట్టించింది ఇదే. తొలి బస్సు దగ్గర్నుంచి దణ్ణం దాకా.

నేను వెళ్ళలేదు. ఆ పొద్దున చొక్కా వేసుకున్నాను, కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను, అది నిజం. గేటు తీస్తే ఎదురుగా ఆయన, చేతిలో గోనెసంచీ. "ఎక్కడికో బయల్దేరినట్టున్నారే," అన్నాడు. నాకు ఇంకా ఏడేళ్ళ సర్వీసుందని కూడా ఆయనకు తెలుసు; మాటల్లో మాటగా అన్నాడు. వెళ్ళొద్దనలేదు. మొక్క అరుగు మీద పెట్టి, "తిరిగొచ్చాక నాటండి, కంగారేం లేదు," అని కారెక్కాడు. ఆయన యూనివర్సిటీకే వెళ్తున్నాడని నాకు తెలుసు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఒక బస్సు టైము అయిపోయింది. ఇంకో బస్సు టైము కూడా.

"పోవా?" అంది మా ఆవిడ గుమ్మంలోంచి.

"పోత. గీ బూట్లు ఏసుకుంటున్న."

"గంట నుంచి ఒక్క బూటే ఏసుకుంటున్నవు."

తర్వాత ఫోన్ మోగింది. "సార్, ఎక్కడిదాక వచ్చిన్రు? నన్ను పిలుస్తున్నరు లోపలికి."

చేతిలో రెండో బూటుంది. ఎదురుగా అరుగు మీద ఆ మొక్క. నోట్లోంచి ఎప్పటిలాగే సునాయాసంగా వచ్చింది.

"ములుగు దాటినం బిడ్డా. ఫారెస్ట్ కాలేజీ కూడ ఎన్కకు పోయింది. వస్తున్న."

"సరే సార్. నేను వాళ్ళను ఆగమంట."

తర్వాతి సంగతి ఆమె చెప్పలేదు. చాలా రోజులకు వాళ్ళ నాన్న బస్టాండులో కనబడి చెప్పాడు. గొంతు పెంచలేదు. పిల్ల లోపలికి వెళ్ళి అంతా చెప్పిందట. ఆధారమేది అని అడిగితే, రాసినాయనే వస్తున్నాడు, ములుగు దాటాడు అందట. ములుగు నుంచి ఎంతసేపని ప్రొఫెసరమ్మ అడిగిందట. గంట అని పిల్ల చెప్పిందట. చివరి కుర్చీలో ఉన్నాయన చాలా మర్యాదగా, పర్వాలేదండీ ఆగుదాం, పెద్దవారు వస్తున్నారుగా అన్నాడట.

తగిన అభ్యర్థి దొరకలేదని రాసి ఆ సీటును ఖాళీగా ఉంచేశారు.

పిల్ల బళ్ళోనే ఉంది. ఆ కాగితం ఆ రోజు చొక్కా జేబులోనే ఉతుకులోకి పోయింది. మళ్ళీ రాయడానికి ఆమె నన్ను అడగలేదు.

వాళ్ళు నిజంగానే గంట ఆగారట.